వాయించొద్దన్న పాట

రోస్కో ట్రంపెట్‌ని పెదవుల దాకా తెచ్చాడో లేదో, జేబులో ఫోను మళ్లీ మోగింది.

"పిన్నేనా బాబాయ్?" బేస్ వాయించే తాడియస్ నవ్వాడు.

రోస్కో స్టూడియో మూలకు నడిచాడు.

"అయిపోయిందా?" అంది అవతలి నుంచి అతని భార్య ఎర్నెస్టిన్.

"ఇంకొక్కటుంది."

"ఏది?"

రోస్కో ట్రంపెట్ మీటల మీద వేళ్లు ఆడించాడు.

"మిగతావన్నీ వాయించుకో, నేనేమీ అనను. ఆ ఒక్కటీ మాత్రం వద్దన్నానా లేదా? అది నా ఇంట్లోకి వచ్చిందంటే నేనుండను."

ఫోను పెట్టేసింది.

డెల్ఫీన్ క్రాకెట్ గొంతు ఒకప్పుడు ఫిలడెల్ఫియాని ఊపేసింది. మేనేజరు ఆవిణ్ణి హోటల్ గదిలో పెట్టి తాళం వేసేవాడని, ఊరూరా ఇప్పుడు ఎర్నెస్టిన్ వద్దన్న ఆ ఒక్క పాటే పాడించేవాడని చెప్పుకునేవారు. ఒకరోజు సరిగ్గా ఆ పాట మధ్యలోనే ఆవిడ మైకు వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ ఎవరికీ కనబడలేదు. చచ్చిపోయిందన్నారు.

ఆవిడ వెనక ట్రంపెట్ ఊదినవాళ్లలో మిగిలింది రోస్కో ఒక్కడే. సొంత బాణీలు పట్టుకుని ఏ కంపెనీ గడప తొక్కినా ఒకటే మాట: "డెల్ఫీన్ పాటలైతే చెప్పు." చివరికి ఒప్పుకున్నాడు. మాటల్లేకుండా, నలుగురే వాయించే ఆల్బం.

అద్దం అవతలి నుంచి నిర్మాత మార్లా గొంతు వినబడింది. "జనం కొనేదే ఆ పాట కోసం. అది లేకపోతే ఆల్బమే లేదు."

"మరోటి వాయిస్తాను."

"కుదరదు."

తాడియస్ బేస్‌ని గోడకు ఆనించాడు. "ఇన్నేళ్లయినా పిన్నికి ఆవిడ మీద కుళ్లు పోలేదేంటి బాబాయ్? క్లబ్బుకి రాదు. ఒక్కపూట మమ్మల్ని భోజనానికి పిలవదు. అసలు పిన్ని ఉందా, లేక ఫోనులో గొంతేనా?"

డ్రమ్స్ దగ్గర కూర్చున్నవాడు పకపకా నవ్వాడు. రోస్కో నవ్వలేదు.

తాడియస్ గొంతు తగ్గించాడు. "నా కూతురికి చెప్పేశాను బాబాయ్, నాన్న రికార్డు వస్తోందని."

ఆ గదికి కిటికీల్లేవు. మందపాటి తలుపు మూసి ఉంది. చెప్పడానికి రోస్కో దగ్గర ఒక్క మాట ఉంది. ఆ మాట నోరు దాటనివ్వనని పెళ్లినాడే ఒట్టేశాడు.

కళ్లు మూసుకుని ఊదాడు. పాట పూర్తయింది. అద్దం వెనక మార్లా కళ్లు తుడుచుకుంటోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో చేపలు వేగుతున్నాయి. ఎర్నెస్టిన్ తిరిగి చూడలేదు.

"వాయించావు."

"వాయించాను."

"ఆ పిల్లలంతా నీ మీదే ఆశ పెట్టుకున్నారు, అవునా?"

"అవును."

పొయ్యి కట్టేసింది. "పెట్టు, వింటాను."

ఫోనులో పాట పెట్టాడు. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. తలుపు తీసుకుని వెళ్లిపోతుందేమోనని అతను గుమ్మం వైపు చూశాడు. పాట అయిపోయింది. ఆమె నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చుంది. కళ్లనిండా నీళ్లు.

"ఆఖరి చరణంలో తప్పు చేశావు" అంది.

"ఎక్కడ?"

"నువ్వు ఊపిరి తీసుకున్నచోట. నేను పాడేటప్పుడు అక్కడ తీసుకునేదాన్ని కాదు."