తుడుచుకోని చెయ్యి

పెళ్ళికి పది రోజులుంది. కాబోయే దంపతులకని చర్చి వెనక గదిలో పెట్టే తరగతులకు అదే ఆఖరి శనివారం. ఆరు జంటలం గుండ్రంగా కూర్చున్నాం. పాస్టరమ్మగారు బిస్కెట్ తిన్న చేతిని తుడుచుకోకుండానే నా నెత్తిన పెట్టి కళ్ళు మూసుకున్నారు.

“తండ్రీ, ఈ బిడ్డ పదహారేళ్ళొచ్చేదాకా పక్క తడిపేదయ్యా! పెళ్ళయ్యాక ఆ అవమానం రానివ్వకండి ప్రభువా!”

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు. పదిమందిలో గుట్టు రట్టు చేసి, దానికి ప్రార్థనని పేరు!

“వీళ్ళకి దాపరికం లేని కాపురం దయచేయండి!” జిడ్డు చెయ్యి నా తలను ఇంకా గట్టిగా నొక్కింది.

అసలు ఈవిడకెలా తెలిసింది? నా పక్కబట్టలు ఉతికిన అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ తర్వాత ఈ లోకంలో ఒక్కరికే చెప్పాను. అదీ మొన్న మంగళవారం, ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుని.

పక్కకు చూశాను. నాకు కాబోయేవాడు నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, అందరికంటే ముందు “ఆమెన్” అన్నాడు.

చెయ్యి లాక్కుని, రుమాలు తీసి శుభ్రంగా తుడుచుకున్నాను.