కామా దగ్గర కోత

“ఎనిమిది వేల వరసలమ్మా! అన్నీ కంటితో చదువుతావా?” అన్నాడు మేనేజర్.

“చదువుతాను సార్.”

ఆ రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్ పనంతా ఆమెదే. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ప్రోగ్రాముల్లో తప్పులు ఏరుతుందని అందరూ ఆమెను రాళ్ళక్క అంటారు. మూడు రోజులుగా రాళ్ళక్కకి తిండి మీద ధ్యాస లేదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడం లేదు.

“ఇంతకీ ఎవరైనా ఫిర్యాదు చేశారా?”

“ఒకావిడ. రిపోర్టు తప్పేమోనంటోంది.”

“చెడ్డ జబ్బు ఉందంటే ఎవరైనా అదే అంటారు. అబద్ధం చెప్పడానికి మిషన్‌కేం పట్టింది?”

“మిషన్ కాదు సార్. మధ్యలో నేను రాసిన ప్రోగ్రాం ఉంది కదా.”

“సరే, కొత్తవాటి నుంచి మొదలుపెట్టు. ఆవిడ సంగతీ తొందరగా తేలిపోతుంది.”

“వరసలో వస్తాను,” అంటూ మూడు నెలల కిందటి ఫైలు తెరిచింది.

మిషన్ ఒక్కో మనిషి వివరాలనూ ఒక్కో వరసలో రాస్తుంది. నంబరు, పేరు, వృత్తి, చిరునామా, ఆ తర్వాత ఒక్కో పరీక్షకీ ‘ఉంది’ లేదా ‘లేదు’. మధ్యమధ్య కామాలు. ప్రోగ్రాం కామా కనిపించిన చోటల్లా వరసను కోసి, ముక్కలను రిపోర్టు గళ్ళలో సర్దుతుంది. అంతే దాని పని.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక దర్జీ వరస దగ్గర ఆమె వేలు ఆగింది. చిరునామా: ‘వెనక వాటా, రెండో అంతస్తు’.

“సార్!”

ఆ కేకకి ల్యాబ్ వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

“చిరునామాలోనే కామా ఉంది. ప్రోగ్రాం అక్కడా కోసేసింది. బస్సులో ఒకడు మధ్యలో దూరి కూర్చుంటే మిగతావాళ్ళంతా తలో సీటూ జరిగినట్టు, జవాబులన్నీ పక్క గడిలోకి జరిగాయి. మామూలు ఇన్‌ఫెక్షన్‌కి రావాల్సిన ‘ఉంది’ వెళ్ళి చెడ్డ జబ్బు గడిలో కూర్చుంది.”

మేనేజర్ మొహం పాలిపోయింది.

కామాలు ఎక్కువైన వరసల్ని పట్టుకునే చిన్న ప్రోగ్రాం రాసి పాత ఫైళ్ళ మీద నడిపింది. తొమ్మిది మంది తేలారు. అందరికీ తనే ఫోన్ చేసింది. తప్పు నాదేనని ఒప్పుకుంది. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. పడింది.

“రెండు నెలలుగా నా పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదమ్మా,” అన్నాడు దర్జీ.

ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. పిల్లల్ని పేరుపేరునా పిలవడం ఆమెకు వినిపించింది.

“ఇంతమందికి ప్రాణం పోశావు, ఇంకా ఆ మొహమేంటమ్మా?” అన్నాడు మేనేజర్, ఇంటికి బయల్దేరుతూ. “అవునూ, ఆ ఒకావిడ?”

“పోయిన వారం ఫైల్లో ఉంది. అదొక్కటీ చూడాలి.”

“ఇంకేం! చూసి ఆవిడకీ ఓ చల్లని కబురు చెప్పెయ్.”

ఆయన వెళ్ళాక తలుపు దగ్గరగా వేసింది. ఆఖరి ఫైలు తెరిచింది. వరస దొరికింది. కామాలు లెక్కపెట్టింది. ఒక్కటీ ఎక్కువ లేదు. స్క్రీన్ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, చిన్నపిల్లలా మళ్ళీ లెక్కపెట్టింది.

ఎన్నిసార్లు లెక్కపెట్టినా, తన పేరున్న ఆ వరసలో ‘ఉంది’ అన్న మాట చెడ్డ జబ్బు గడిలోనే ఉంది.