పేరమ్మగారింటి అరుగు

రాజమండ్రి రేవులో పడవ దిగేసరికి మాణిక్యాంబకు నడుము పట్టేసింది.

గోదావరి మీద కొత్తగా వేసిన రైలు వంతెన చూడాలని ముచ్చటపడి, కోనసీమ నుంచి మొగుణ్ణి బయల్దేరదీసింది తనే. బస ఎక్కడన్నది మాత్రం ఇద్దరూ ఆలోచించలేదు.

"సత్రంలో దిగితే ఖర్చుండదు," అన్నాడు కామేశం.

"సత్రంలో ఇవాళ కాలు పెట్టే చోటు లేదండి," అంది పక్కనుంచి ఎవరో.

ముప్ఫై దాటిన మనిషి. నుదుట కాసంత బొట్టు, చంకలో చిన్న మూట. వెంట ఎవరూ లేరు.

"పూటకూళ్ళ ఇళ్ళు ఉంటాయిగా?"

"బజారు మొదట్లో ఉన్నదానికి మాత్రం పోకండి. ఒకటే నల్లులు. గుడి వెనకది చవకే గానీ, మజ్జిగ పేరు చెప్పి నీళ్ళు పోస్తారు. ఆ మూలింట్లో వంట బాగుంటుంది, ఆడవాళ్ళకే చాటు లేదు. తిన్నగా పేరమ్మగారింటికి వెళ్ళండి. చవకా, శుభ్రమూను."

మాణిక్యాంబ ఆమెను ఎగాదిగా చూసింది. పది అడుగులు వేశాక ఇక ఆగలేకపోయింది.

"విన్నారా? ఊళ్ళో ప్రతి పూటకూటింటి గుట్టూ తెలుసు. సంసారం చేసుకునే ఆడదానికి ఇవన్నీ ఎలా తెలుస్తాయండీ?"

"మనకి మంచే చెప్పింది కదే."

"మీకు మంచిగానే కనిపిస్తుంది లెండి!"

పేరమ్మగారిల్లు ఆమె చెప్పినట్టే ఉంది. అద్దంలా అలికిన నేల. పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు. ముసుగు సర్దుకుంటూ, అడిగి అడిగి వడ్డించింది పేరమ్మగారు. ఆవిడకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ వంటిల్లే ఆధారం.

తిన్నారు. కాసేపు నడుం వాల్చారు. వంతెన చూశారు. రైలు గడగడా నదిని దాటుతుంటే మాణిక్యాంబ భయంతో మంగళసూత్రాలు కళ్ళకద్దుకుంది.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేసరికి, వీధరుగు మీద చాప పరుచుకుని కూర్చుని ఉంది ఆ రేవు దగ్గరి మనిషి!

పేరమ్మగారు బజారుకు వెళ్ళినట్టుంది. ఇంట్లో అలికిడి లేదు.

మాణిక్యాంబకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, నువ్వూ ఇక్కడేనా?"

"అవునండి. ఈ ఒక్క రాత్రికే."

"మీ ఆయన ఏడీ?"

"వస్తారండి."

"ఎప్పుడు?"

ఆమె మూట ముడి సవరించుకుంది.

"పోనీ, ఆయన పేరేంటి?"

ఆమె చిన్నగా నవ్వింది. "మీరు చెప్తారా అండీ, మీ ఆయన పేరు?"

"నాకేం ఖర్మ? మా ఆయన నా పక్కనే ఉన్నారు!"

ఆమె నవ్వు ఆరిపోయింది.

"ఊరుకోవే," అన్నాడు కామేశం.

"ఎందుకూరుకోవాలి? ఒంటరిగా తిరుగుతుంది. ఏ బసలో ఏముందో వల్లిస్తుంది. మొగుడు వస్తాడంటుంది, ఎప్పుడో చెప్పదు. పరువు గలవాళ్ళు పడుకునే చోట ఇలాంటి మనిషా? చూడమ్మాయ్, నువ్వు లేస్తావా, మమ్మల్ని లేవమంటావా?"

"ఇవాళ్టికి ఉండనివ్వండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను. రేపట్నించి ఈ ఊళ్ళో ఎవరికీ కనపడను."

"లేవవన్నమాట! అయితే విను. మా కోనసీమలో ప్రతి అగ్రహారానికీ చెప్తాను, పేరమ్మగారింట్లో ఎలాంటి వాళ్ళకి చోటిస్తారో. ఆ తర్వాత ఈవిడ వేసిన విస్తరి ముందు ఎవరు కూర్చుంటారో చూస్తాను."

ఆ మాటకు ఆమె లేచింది. చాప చుట్టి గోడకు ఆనించింది.

"ఆవిడ పొట్ట కొట్టకండి. నేనే వెళ్ళిపోతాను," అని మూట తీసుకుని సందు మలుపు తిరిగింది.

మాణిక్యాంబ పమిట దులుపుకుని అరుగు మీద దర్జాగా కూర్చుంది.

కాసేపటికి పేరమ్మగారు వచ్చింది. చేతిలో ఆకు పొట్లం. గుమ్మమంతా సన్నజాజుల వాసన.

"ఇక్కడ కూర్చున్న అమ్మాయి ఏదండీ?"

"పంపించేశాను. మీరు లేని వేళ చూసి అరుగెక్కింది. ఆ వాలకం చూస్తేనే తెలియడం లేదూ?"

"పంపించడానికి నువ్వెవరమ్మా?"

పేరమ్మగారి గొంతు వీధి చివరి దాకా వినిపించింది.

"నా గడపలోంచి, నా మనిషిని! ఏం తెలిసింది నీకు, ఏం తెలిసింది?"

"మొగుడి సంగతి అడిగితే నీళ్ళు నమిలింది..."

"మొగుడు కోర్టు పని మీద ఈ ఊరొచ్చాడు. 'పూటకూటింట్లో దిగాను, క్షేమం' అని కార్డు రాశాడు. ఏ ఇంట్లోనో రాయలేదు. అంతే, మళ్ళీ కబురు లేదు. ఇక ఆ పిల్లకి ప్రతి ఇంటి గుట్టూ ఎందుకు తెలీదమ్మా? నెలనెలా వచ్చి ఒక్కో ఇంట్లో పడుకుంది. వచ్చేపోయే ప్రతివాణ్ణీ అడిగింది. అయినవాళ్ళు బొట్టు తీసెయ్యమంటే, వస్తారు వస్తారని వాళ్ళతో పోట్లాడింది."

కామేశం అప్పటికే వీధిలోకి పరుగెత్తాడు. సందు చివరిదాకా వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"రేపుదయం నేనే రేవంతా వెతుకుతానండి," అంది మాణిక్యాంబ. "కాళ్ళు పట్టుకుని తీసుకొస్తాను."

పేరమ్మగారు ఆ పొట్లాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతుల్లోనూ పట్టుకుని నిలబడింది.

"జాడ తెలియని మొగుడి కోసం పన్నెండేళ్ళు చూడమన్నారు పెద్దలు, అవి ఇవాళ్టితో నిండాయి, తెల్లారగానే మరిది వచ్చి రేవులో దర్భబొమ్మకి కర్మ చేస్తాడు, ఆ పిల్ల తలలో పూలు పెట్టుకునే రాత్రి ఇదే ఆఖరమ్మా."