అవ్వ కుట్టిన బెల్‌బాటం

దుప్పటి మోకాళ్ల దాకానే సరిపోయింది. దాని కింద రెండు ప్యాంటు కాళ్లు, వెడల్పుగా, మట్టి కొట్టుకుని కనిపిస్తున్నాయి.

"మొహం చూడొద్దమ్మా. చూసినా గుర్తుపట్టలేవు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బట్టలు చూసి చెప్పు. మీ రామేశ్వరేనా?"

సిద్దిపేట దవాఖాన వెనక గదిలో, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది బాలవ్వ. ఆమె చేయి పట్టుకుని పక్కింటి మైమూనా ఉంది. నంగునూరు అవతల గుట్టల్లో కాల్పులు జరిగాయని, చచ్చినవాడు ఆమె కొడుకేనని అనుమానంగా ఉందని పొద్దున జీపులో వచ్చిన కానిస్టేబుల్ చెప్పాడు.

రామేశ్వర్ అన్నల్లో కలిసి మూడేళ్లయింది. అడవికి పోయింది వాడు, దెబ్బలు తిన్నది ఇంట్లోవాళ్లు. వాడి కోసం వచ్చినప్పుడల్లా తండ్రి దుబ్బయ్యను స్టేషన్‌కు తీసుకుపోయేవాళ్లు. "బతికో చచ్చో నీ కొడుకు దొరికేదాకా ఇంతే" అనేవాళ్లు. పోయినసారి నడిచి వెళ్లిన మనిషిని రిక్షాలో వేసి పంపారు. ఇంకోసారి తీసుకుపోతే ఆ రిక్షా కూడా అక్కర్లేదని బాలవ్వకు తెలుసు.

ఆమె మెల్లగా వెళ్లి ఆ కాళ్ల దగ్గర కూర్చుంది. ప్యాంటు అంచు మడతను వేళ్లతో నలిపి చూసింది. మోకాలి కింద నుంచి పాదం దాకా, పక్క కుట్టులో అతికిన మూడుమూలల ముక్కను తడిమింది. దాన్నే కలి అంటారు.

బాలవ్వకు కలి వేయడం నేర్పింది మైమూనానే. కాలేజీకి పోయే రోజుల్లో రామేశ్వర్ ఓ సినిమా చూసి వచ్చి, బెల్‌బాటం కావాలని అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. వాడికి ఉన్నదొక్కటే గొట్టం ప్యాంటు. బాలవ్వ దాని పక్క కుట్లు విప్పి మైమూనా ఇంటికి పట్టుకుపోయింది. కుట్టు మిషన్ ఉన్నది అక్కడే. మైమూనా తన పైజామాలకు వేసే కలి లాంటిదే కత్తిరించి ఇచ్చింది. తొందరలో బాలవ్వ మొదటి కలిని తలకిందులుగా కుట్టింది. రామేశ్వర్ తొడుక్కుని చూస్తే మోకాలి దగ్గర బుట్ట, కింద మళ్లీ గొట్టం. ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. విప్పి మళ్లీ కుట్టారు.

"జేబు సంచికి కొత్త బట్టెందుకక్కా? పాత చీర ముక్క పెట్టు. ఇంట్ల కుట్టుకునేటోల్లందరం గంతే," అంది మైమూనా.

ఆ ప్యాంటు వేసుకుని కొడుకు గల్లీలో తిరుగుతుంటే దుబ్బయ్య ఊరుకోలేదు. "ఇగ మనకు చీపురెందుకే? వీడు రెండుసార్లు తిరిగిండంటే వాకిలంత సాఫ్," అన్నాడు. వాడు ఉడుక్కోలేదు, ఇంకోసారి తిరిగి చూపించాడు. ఆ ఇంట్లో అట్లా నవ్వుకున్నది మళ్లీ లేదు.

"ఏమ్మా, ఎంతసేపు?" ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు.

"నా కొడుకే సారూ."

ఇన్‌స్పెక్టర్ ఆమెను పరీక్షగా చూశాడు. ఇలాంటి గదుల్లో తల్లులు కాదు కాదనడమే ఆయనకు అలవాటు.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావ్? ఇలాంటి ప్యాంట్లు బజార్లో బోలెడు."

"బజార్ల కొన్నది కాదు సారూ. ఇంట్ల కుట్టింది. గీ కలి అతుకు సూడున్రి, వంకరున్నది. జేబుల చెయ్యి పెట్టి సూడున్రి. లోపల సంచి పాత చీర ముక్క ఉంటది."

కానిస్టేబుల్ జేబును బయటికి లాగాడు. పాత చీర ముక్కే.

"చీర రంగు ముందే చెప్పలేదేం?"

"కట్టి కట్టి ఎలిసిపోయింది సారూ. దానికి రంగేడిది?"

ఇన్‌స్పెక్టర్ మైమూనా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వాడిదేనా?"

మైమూనా ఆ ప్యాంటును చూసింది. బాలవ్వ మొహం చూసింది.

"అవ్ సాబ్," అంది చివరికి. "నా మిషన్ మీదనే కుట్టింది."

"సరే. ఇక మీ ఇంటితో మాకు పని లేదు. శవాన్ని తీసుకుపొండి."

అప్పుడు ఏడ్చింది బాలవ్వ. ఆ మట్టి అంచును మొహానికి అదుముకుని ఏడ్చింది.

"గిది కుట్టిననాడు మీ అవ్వ ఎంత మురిసిందో బిడ్డా. నీకు తొడిగి ఎన్నిసార్లు సూసుకున్నదో. ఆఖరుకు నీ మొహం సూసే రాత గా తల్లికి లేకపాయె."

కానిస్టేబుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పెండ్లి కానివాడిని పూడ్చిపెట్టాలి, అది మన ఆచారం అన్నారు కులపెద్దలు. కాల్చాల్సిందేనని పట్టుబట్టింది బాలవ్వ. స్నానం చేయించనివ్వలేదు. దుప్పటి తీయనివ్వలేదు. ఆ బట్టలతోనే పోవాలంది. దుఃఖంతో మతి చలించిందని అందరూ ఊరుకున్నారు. దుబ్బయ్య కర్ర ఊతంతో వచ్చి, కొరివి పెట్టి, అక్కడే కూలబడ్డాడు. బాలవ్వ ఆయన దగ్గరికి పోలేదు, ఆయన మొహం వైపు చూడలేదు.

చీకటి పడకముందే ఇల్లు చేరారు. దుబ్బయ్యను అరుగు మీద కూర్చోబెట్టి, స్నానాలకు నీళ్లు కాగబెట్టాలంటూ ఆమె లోపలికి వెళ్లింది. పొయ్యి అంటించింది. తలుపు గడియ పెట్టింది.

అడవికి పోయేనాడు రామేశ్వర్ విప్పి దండెం మీద వేసిపోయిన బెల్‌బాటం ప్యాంటును పెట్టె అడుగు నుంచి తీసి, ఆ మంటలో పెట్టింది.