కరెంటు దొంగ

"మూడో ఆదివారం ఇది, మీరా! వారానికొక్కసారి పామర్రు చర్చికి తీద్దామంటే ఈ ముసలి బండి ఉలకదు, పలకదు. పోయిన వారం నువ్వేసింది కొత్త బ్యాటరీయేనా, కాదా?"

జక్కయ్యగారు తాళాలు బానెట్ మీద విసిరికొట్టారు. ముప్పయ్యేళ్లు బందరు రూటులో ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. సొంత మారుతి కారు ఇంటిముందే మొరాయిస్తే ఆమాత్రం కోపం రాదూ మరి!

నాగుల్ మీరాకి తల కొట్టేసినట్టయింది. ఆటోనగర్‌లో వైరింగు పనంటే ముందు అతని పేరే చెబుతారు.

"కొత్తదే సార్. బండి ఊరికే నిలబడి కరెంటు తాగేస్తోంది. ఇవాళ ఆ దొంగని పట్టుకోకపోతే నేనీ పనే మానేస్తా."

"పట్టుకో, చూద్దాం" అంటూ ఆయన పాస్టరుగారికి ఫోన్ చెయ్యడానికి లోపలికెళ్లారు.

మీరా తను తెచ్చిన బ్యాటరీ పెట్టి, దాని మైనస్‌కీ బండి వైరుకీ మధ్య టెస్ట్ బల్బు తగిలించాడు. అన్నీ ఆపే ఉన్నాయి. అయినా బల్బు వెలిగింది. అంటే ఎక్కడో కరెంటు కారిపోతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలెట్టాడు. హారన్‌ది పీకాడు, వెలుగుతూనే ఉంది. వైపర్‌ది పీకాడు, ఊహూఁ. కారు లోపలి లైటుది పీకగానే బల్బు ఠక్కున ఆరిపోయింది.

తలుపులు చూశాడు. వెనక ఎడమ తలుపు పడ్డట్టే కనిపిస్తోంది గానీ పూర్తిగా పడలేదు. సందులో మడతపెట్టిన పాత చీరముక్క! తలుపు పడక, లోపలి లైటు వారమంతా కారు కవరు కింద వెలుగుతూనే ఉందన్నమాట.

టీ తెస్తున్న జక్కయ్యగారి భార్య సంపూర్ణమ్మ అతని చేతిలో ఆ ముక్క చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇది మీరే పెట్టారా అమ్మా?"

"అరవకు నాయనా!" గొంతు తగ్గించింది. "నెల కిందట బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు కనపడక ముందుకెళ్లిపోయారు. స్కూటరు మీద పిల్ల వెంట్రుకవాసిలో బతికింది. కళ్లు చూపించుకోమంటే ఇల్లు పీకి పందిరేస్తారు. బండి మానెయ్యమని నోటితో ఎలా చెప్పను? స్టీరింగే ఆయన ప్రాణం." కొంగుతో కళ్లొత్తుకుంది. "ఆయనకి చెప్పకయ్యా."

చెబితే ఆ పెద్దాయన పరువు పోతుంది. చెప్పకపోతే తన పేరు పోతుంది. పోతే పోయింది వెధవ పేరు, మనిషి ప్రాణం కంటే ఎక్కువా! ఫ్యూజులు ఎక్కడివక్కడ పెట్టి, తన బ్యాటరీ విప్పేసుకుని, చీరముక్కని మళ్లీ సందులోనే దూర్చి తలుపు చేరవేశాడు.

"దొరకలేదు సార్. పాత వైరింగు, నా వల్ల కాదు. ఇవాళ్టికి బస్సులో వెళ్లండి" అన్నాడు, పెద్దాయన బయటికి రాగానే తల దించుకుని.

జక్కయ్యగారు ఇంటికప్పు ఎగిరిపోయేలా అరుస్తారనుకున్నాడు. ఆయన మాత్రం భుజం మీద చెయ్యేసి వీధి మలుపు దాకా సాగనంపారు.

"ఆ స్కూటరు పిల్ల ఇంకా నా కళ్లలో మెదుల్తోంది మీరా" అన్నారు మెల్లగా. "నిన్ను పిలవకపోతే మా ఆవిడకి అనుమానం వస్తుందని పిలుస్తున్నాను."

మీరా ఆయన వంక తెల్లబోయి చూశాడు.

"పోయిన వారం సంపూర్ణ ఆ గుడ్డ పెట్టడం మర్చిపోయింది. నేనే పెట్టాను."