తెర మీద దూరం

హాస్పిటల్ వరండాలో బెంచీ చివర తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు వీడియోగ్రాఫర్. అవతల ఫ్లయింగ్ స్కూల్ మాస్టారు ఫోన్లో అరుస్తున్నారు.

"డ్రోనూ లేదు, గద్దా లేదండీ! విమానం దింపేటప్పుడు కంగారుపడ్డానని మా స్టూడెంటే ఒప్పుకుంది. మొదటిసారి ఒంటరిగా పంపితే ఇదీ నిర్వాకం! ఇంకేముంది, స్కూల్లోంచి పేరు కొట్టేయడమే."

వీడియోగ్రాఫర్ సంచి మూతి గట్టిగా పట్టుకున్నాడు. డ్రోన్ ఉంది. దాని ముక్కలు అతని ఒళ్లోని సంచిలోనే ఉన్నాయి.

రన్‌వే దగ్గర ఎగరేయకూడదని తెలియనివాడేం కాదు. నలుగురికీ నీతులు చెప్పే మనిషే. కానీ పొద్దున ఆ బుల్లి విమానం దిగుతుంటే మనసు ఆగలేదు. ఇలాంటి షాట్ జన్మలో మళ్లీ దొరకదనుకున్నాడు. తలెత్తి ఆకాశం చూడకుండా చేతిలోని తెరే చూశాడు. ఆ లెన్సులో దగ్గరున్నది కూడా దూరంగానే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి దాని మీదే బతుకుతున్నవాడు, సరిగ్గా ఆ సంగతే మరిచిపోయాడు. ఇంకా దూరంలో ఉందిలే అనుకుంటుండగానే తెర నల్లబడింది. విమానం ఒరిగి, రెక్క నేలకు గీసుకుంటూ గడ్డిలోకి దూసుకుపోయింది.

పైలట్ తనంతట తనే బయటికి దిగడం చూశాడు. చూసి, ఎవరూ రాకముందే డ్రోన్ ముక్కలు ఏరుకున్నాడు. అది తలుచుకుంటే తన చేతులంటే తనకే అసహ్యం వేస్తోంది.

"సార్," లేచాడు. "ఆ పిల్ల తప్పేం లేదండీ. తగిలింది నా డ్రోన్." సంచి తెరిచి చూపించాడు.

మాస్టారు ముక్కల్ని చూశారు, మనిషిని చూశారు. "అసలు మనిషివేనా నువ్వు? రెక్కకి కాబట్టి సరిపోయింది. ముందు అద్దానికి తగిలుంటే ప్రాణం పోయేది! నిన్ను జైల్లో పెట్టించకపోతే చూడు."

"పెట్టించండి సార్. ఆమె పేరు మాత్రం కొట్టేయకండి."

"ఆ ముక్కేదో ఆమె మొహం చూసి చెప్పు, పద!"

సిగ్గుతో చచ్చిపోతూ లోపలికి నడిచాడు. మంచం మీద, భుజానికి కట్టుతో ఉన్న అమ్మాయి తల తిప్పింది.

"ఇదిగోనమ్మా, నిన్ను కూలదోసిన మహానుభావుడు!" అన్నారు మాస్టారు.

అమ్మాయి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

"తప్పు నాదేనని నేను ఒప్పేసుకున్నాక, నువ్వెందుకు చెప్పేశావు నాన్నా?"