ఇసక సారె

“గోడ దించితే మన ఇసకంతా పోద్దే,” మూడోసారి అన్నాడు ఎల్లాజీ.

“మన ఇసకేటి? దచ్చినం నుంచొచ్చి ఉత్తరానికెళ్లేది. మద్దిలో నువ్వాపినావు,” అంది భార్య కాసులమ్మ, ఎండుచేపలు తిరగేస్తూ.

చక్రాల ఇళ్లూ, మీట నొక్కితే సముద్రంలోకి లేచి ఇసక ఆపే గోడలూ ఇప్పుడు తీరమంతా మామూలే. ఊరి చివరి గోడ వీళ్లది. అది ఇసకను పట్టేయడంతో, ఉత్తరాన పక్క ఊళ్లో కూతురు తులసి ఇంటిముందు తీరం కోసుకుపోతోంది. మొన్న వాకిలి కూడా పోయింది.

“పిల్ల పెళ్లికి కావిళ్లతో సారె పంపినావు. ఇసక పంపలేవా?”

ఎల్లాజీ లేచాడు. గోడ దాకా నడిచి, చాలాసేపు నిలబడి వచ్చాడు.

కొడుకూ కోడలూ అన్నాలకు కూర్చున్నాక నెమ్మదిగా అన్నాడు.

“రేపు గోడ దించేత్తన్నాను. ఇల్లు నలబై అడుగులు ఎనక్కి జరుపుదాం.”